రెండో సీసా

"నేనే చంపుకున్నాను. రాసుకోండి," అన్నాడు మేస్త్రి.

మూడు రోజులుగా ఆయన నోట ఇదొక్కటే మాట. తిండి లేదు, నిద్ర లేదు, కంట తడి కూడా లేదు. విమానాల షెడ్డులో పనిబల్ల ముందు స్టూలు మీద కూర్చుని, గ్రీజు ఇంకిపోయిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరేం అడిగినా ఆ ముక్కే అప్పజెబుతున్నాడు.

చనిపోయింది ఆయన ఒక్కగానొక్క కూతురు. ఈ ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పే టీచరు. సోమవారం పొద్దున్న ఏడూ ఆరుకి రెండు సీట్ల విమానంలో ఒంటరిగా గాల్లోకి లేచింది. ఏడూ ఏడుకి ఇంజిన్ ఆగింది. ఏడూ ఎనిమిదికి రన్‌వే చివర గోడ అవతల పడింది. ఆ పొద్దున్న విమానాన్ని పరీక్షించి, ఎగరొచ్చని సంతకం పెట్టిన మెకానిక్ కన్నతండ్రే.

పోలీసు ఇన్‌స్పెక్టర్ తాను రాసుకున్న కాగితాన్ని చూసి మురిసిపోతూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"విన్నారుగా మేడమ్? నేరస్థుడే ఒప్పుకున్నాక ఇంక మీకూ నాకూ పనేముంది? ఇప్పుడు రెండూ ఇరవై. నాలుగింటికి జీపెక్కిస్తాను. ఈలోగా మీ లాంఛనాలేవో కానిచ్చుకోండి."

మేడమ్ అంటే డిటెక్టివ్. విమాన ప్రమాదాల దర్యాప్తు శాఖ పంపగా వచ్చింది. వచ్చిందనడం కన్నా తిరిగొచ్చిందనడం న్యాయం. ఇరవయ్యేళ్ళ కిందట స్పానర్ పట్టుకోవడం ఆమె నేర్చుకున్నది ఈ షెడ్డులోనే, ఈ మేస్త్రి దగ్గరే. కాక్‌పిట్‌లో కూర్చుంటే తల కూడా బయటికి కనపడేది కాదని ఆమెకి 'పిచ్చుక' అని పేరు పెట్టింది ఆయనే. పోయిన పిల్లకి అప్పట్లో ఏడేళ్ళు. బడికి వేళవుతుంటే ఆ పిల్లకి రెండు జడలూ వేసి పంపించిన చేతులు ఇవాళ దాని చావు గురించి రాయడానికి వచ్చాయి. దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే వచ్చింది. గేటు దగ్గర మాత్రం మొహం కడుక్కుంది.

"మీరు ఈయన శిష్యురాలట. మరి దర్యాప్తు ఏ కంటితో చేస్తారో?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండు కళ్ళతోనూ చేస్తాను. మీరు ఒంటికంటితో కానిచ్చేశారనే నన్ను పంపించారు."

ఇన్‌స్పెక్టర్ మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే మేస్త్రి అల్లుడు ఫ్లాస్కు పట్టుకుని లోపలికొచ్చాడు. చనిపోయినామె భర్త. క్లబ్బు రేడియో గదిలో ఉద్యోగం. గడ్డం పెరిగి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. చేతికి రుమాలు చుట్టుకుని, కాలే కాఫీ గ్లాసుని జాగ్రత్తగా మావగారి ముందు పెట్టాడు.

"రెండు గుక్కలైనా తాగండి మావయ్య గారూ. మీరు కూడా పోతే నాకింకెవరున్నారు?"

మేస్త్రి గ్లాసు ముట్టలేదు. అల్లుడు నిట్టూర్చి, డిటెక్టివ్‌కి ఓ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

షెడ్డు మధ్యలో టార్పాలిన్ కింద విమానం ముక్కలున్నాయి. ఆమె టార్పాలిన్ లాగి, చొక్కా చేతులు మడుచుకుని ఇంజిన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మేస్త్రి నేర్పిన మొదటి పాఠం చెవిలో మోగింది. "ఇంజిన్ ఆగితే కంగారుపడి అన్నీ విప్పెయ్యకే పిచ్చుకా. దానికి కావలసినవి మూడే. గాలి, నిప్పు, పెట్రోలు. ఏది అందలేదో అడుగు, అదే చెబుతుంది."

ముందు గాలి సంగతి చూసింది. గాలి పీల్చే గొట్టం నలిగింది గానీ మూసుకుపోలేదు. వడపోత శుభ్రంగా ఉంది. కార్బ్యురేటర్ గొంతులో మంచు పేరుకుని ఇంజిన్ ఆగడం అప్పుడప్పుడూ జరిగేదే కానీ, సోమవారం పొద్దున్న గాలి బాగా పొడిగా ఉందని వాతావరణం వాళ్ళ కాగితం చెబుతోంది.

తర్వాత నిప్పు. ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండు. ఒకటి చచ్చినా రెండోది ఇంజిన్‌ని మోస్తుంది. రెండింటినీ ఊడదీసి చేత్తో తిప్పింది. రెండూ చిటపటమన్నాయి.

ఇంక మిగిలింది పెట్రోలు. ట్యాంకులు చిరిగిపోయి, ఉన్నదంతా ఫైరింజన్ నీళ్ళలో కొట్టుకుపోయింది. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ ఒక్కొక్కటే విప్పి గుడ్డ మీద వరసగా పెట్టింది. ప్రతి ప్లగ్గు మొన మీదా ఎర్రగా తాజా తుప్పు.

"పెట్రోలు తగిలితే తుప్పు పట్టదు, ఇది నీళ్ళ పని," అందామె.

"ఫైరింజన్ వాళ్ళు పోశారుగా నీళ్ళు!"

"వాళ్ళు పోసినవి బయటే ఉంటాయి. బిగించి ఉన్న సిలిండర్ లోపలికి పోవు. ఇంజిన్ తనంతట తాను మింగిన నీళ్ళివి. నేల మీద నెమ్మదిగా నడిచినంతసేపూ పైపుల్లో మిగిలిన మంచి పెట్రోలు సరిపోయింది. పైకి లేవగానే అది అయిపోయింది, వెనకాల నీళ్ళొచ్చాయి."

ఇన్‌స్పెక్టర్ తొడ చరిచాడు. "అదేగా నేను మొత్తుకునేది! పెట్రోల్లో నీళ్ళున్నాయి, ఈయన చూసుకోలేదు. ఎందుకు చూసుకోలేదంటారా?" జేబులోంచి ఆస్పత్రి కాగితం తీశాడు. "రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లాలు. ఆర్నెల్ల నుంచి ఎవరికీ చెప్పకుండా దాచాడు. గుడ్డోడి సంతకం నమ్ముకుని పిల్ల ప్రాణం పోగొట్టుకుంది."

స్టూలు మీద మేస్త్రి భుజాలు ఒక్కసారి వణికి ఆగాయి. ఆమెకి ఇన్‌స్పెక్టర్ చెంప పగలగొట్టాలనిపించింది.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నీళ్ళు బరువు, ట్యాంకులో అడుక్కి దిగుతాయి. రోజూ పొద్దున్న రెక్క కింద బిరడా నొక్కి గాజు సీసాలోకి కాస్త పట్టి చూస్తారు. విమానం పెట్రోలుకి నీలం రంగు కలిపి ఉంటుంది, నీళ్ళకి ఉండదు. నీలంగా ఉంటే ఎగరొచ్చు, తెల్లగా ఉంటే ఎగరకూడదు. మేస్త్రి దీనికి సొంత నియమం ఒకటి తగిలించాడు. పొద్దున్న పట్టిన సీసాకి టైము చీటీ అంటించి అరలో పెట్టాలి. విమానం తిరిగొచ్చి దిగేదాకా దాన్ని పారబొయ్యకూడదు. ముప్ఫయ్యేళ్ళలో ఆ నియమం ఒక్కరోజూ తప్పలేదు. సోమవారం సీసా అరలో అలాగే ఉంది, చీటీ మీద ఆరూ పది. దాన్ని పారబొయ్యాల్సిన విమానం ఇంక రాదు.

"ఇందులో చుక్క నీరు లేదే?" అంది డిటెక్టివ్.

"పెట్రోలు డ్రమ్ములోంచి పట్టి పెట్టుంటాడు. వంగోలేక."

ఆమె సీసాని తిరిగి అరలో పెట్టేసింది. బల్ల మీదున్న మూడు గిన్నెలు తీసి, మూడింట్లో మూడు రకాలు పోసి, మేస్త్రి ముందు పెట్టింది.

"కళ్ళు మూసుకుని చెప్పండి మేస్త్రి గారూ."

ఆయన విసుక్కోలేదు. కళ్ళు మూసుకుని మొదటి గిన్నెలో వేలు ముంచి బొటనవేలితో రుద్దాడు. "చల్లగా తగిలి ఎగిరిపోయింది. పెట్రోలు." రెండోది. "తడి పోవట్లేదు. నీళ్ళు." మూడోది రుద్ది మొహం చిట్లించాడు. "కిరసనాయిలు. బోల్టులు కడుక్కునేది. గురువుకే పరీక్ష పెడుతున్నావా?"

మూడు రోజుల్లో ఆయన వేరే మాట మాట్లాడటం అదే మొదలు.

"చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ? ఈయన పరీక్ష కళ్ళతో చెయ్యరు, వేళ్ళతో చేస్తారు. చూపున్న రోజుల్లోనూ అంతే. ఆరూ పదికి ట్యాంకులో ఉన్నది మంచి పెట్రోలే. నీళ్ళు ఆ తర్వాత పోశారు. ఆరున్నర ప్రాంతంలో విమానం దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఈయన ఆరూ ఇరవైకి ఆఫీసుకెళ్ళాడు. అమ్మాయి ఆరూ నలభైకి వచ్చింది. మధ్యలో ఇరవై నిమిషాలు విమానం ఒంటరిగా ఉంది."

"రేడియో గది కిటికీ ఎదురుగానే కదా అది నిలబెట్టింది? ఈయన అల్లుడు చూడలేదా?"

"ఆరూ ఇరవై రెండు నుంచి ఆరూ ముప్ఫయ్యారు దాకా అతను సీట్లో లేడు. వాతావరణం వాళ్ళు రెండుసార్లు పిలిస్తే పలకలేదట. మనిషన్నాక బాత్రూముకి వెళ్ళడా? పెళ్ళాం పోయినవాడు, మూడు రోజులుగా మావగారికి దగ్గరుండి కాఫీ పోస్తున్నాడు, అతన్నేం అడుగుతాం?" ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. కానీ గుమ్మం దగ్గర తిరిగి, ఒక్క మంచి ప్రశ్న వదిలాడు. "సరే మేడమ్, మీరన్నట్టే ఈయన పరీక్షలో తప్పు లేదు. ఆ సంగతి అందరికన్నా ఈయనకే బాగా తెలుసుండాలి. మరి చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకుంటున్నాడు? దానికి జవాబు తెచ్చుకోండి. నాలుగింటికి వస్తాను."

ఎంత కానివాడైనా ఆ మాటలో పస ఉంది. తలుపు మూసి ఆమె మేస్త్రి ఎదురుగా తిరగేసిన డబ్బా మీద కూర్చుంది.

"ఎవర్ని కాపాడుతున్నారు?"

"ఎవర్నీ కాదు. నేనే చంపుకున్నాను."

"మీ వేళ్ళు తప్పు చెప్పాయా?"

ఆయన వేళ్ళు ముడుచుకున్నాడు.

"మూడు రోజులుగా ఈ స్టూలు దిగలేదట. కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. లేవండి ఒకసారి."

లేవలేదు. పైగా రెండు కాళ్ళూ స్టూలు కిందికి లాక్కున్నాడు. ఆమె వంగి చూసింది. పాదాల వెనక రేకు పనిముట్ల పెట్టె. చెయ్యి చాచింది. ఆయన చెయ్యి అడ్డం వచ్చింది గానీ అందులో బలం లేదు.

పెట్టెలో ఆడపిల్ల చున్నీ ఒకటి, నాలుగు మడతలు వేసి ఉంది. దాని మధ్యలో మూత బిగించిన చిన్న గాజు సీసా. సీసాకి చీటీ. మేస్త్రి వంకర రాత కాదది, గుండ్రటి రాత. 'సోమవారం. 6.44.'

"దాని రాతే," అన్నాడు మేస్త్రి. "పడిందని తెలిసి పరిగెత్తి, ఫైరింజన్ వాళ్ళు నన్ను దాని దగ్గరికి పోనివ్వకపోతే ఇక్కడికొచ్చాను. దాని బీరువా తెరిస్తే వెనకాల ఇది తగిలింది. ఇంకా పాత చీటీలు, గుత్తులు గుత్తులు. ఆర్నెల్లవి. నా చూపు పోతోందని దానికి తెలిసిపోయిందే పిచ్చుకా. నేను చూసి వెళ్ళాక, నా వెనకాలే మళ్ళీ చూసేది. నా పరువు పోకుండా, నాకు కూడా తెలియకుండా. సీసా కూడా నా నియమం ప్రకారమే దాచిపెట్టింది, చూడు."

"తెరిచారా?"

"వేలు పెట్టాను." ఆయన ఆ వేలివైపే చూసుకున్నాడు. "నీళ్ళు. సీసా నిండా నీళ్ళే. నా తర్వాత ఎక్కణ్ణుంచి వచ్చాయో, వచ్చాయి. అది ఎత్తి చూసి కూడా గుర్తుపట్టలేదు. తొందరలో ఉందో, నా కళ్ళ దిగులే పెట్టుకుని ఉందో. ఈ సీసా బయటికొస్తే లోకం ఏమంటుంది? పదిమందికి నేర్పే టీచరు, నీళ్ళకీ పెట్రోలుకీ తేడా తెలియక చచ్చిందంటారు. నాదేముంది, ముసలోణ్ణి. తప్పు నాదని రాసుకుంటే రేపో మాపో పోతాను. దానికి పేరైనా మిగలాలి కదే. ఇంకేం మిగిలిందని దానికి?"

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. కూతురు పోయిన దుఃఖం మీద, కూతురు తప్పు చేసిందన్న దుఃఖం. రెండోదాన్ని ఎవరికీ చెప్పుకోలేక మూడు రోజులు కాళ్ళ కింద పెట్టుకుని కాపలా కాశాడు. డిటెక్టివ్‌కి కళ్ళు మసకబారాయి. తుడుచుకుని, సీసా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి ఎత్తి చూసింది.

సీసాని వంచి, కుదిపి, ఇంకోసారి చూసింది.

"మేస్త్రి గారూ, ఇదేం రంగు?"

"నీళ్ళకి రంగేంటే?"

"మీకు నీలం కనిపిస్తుందా?"

"అన్నిటికన్నా ముందు పోయింది అదే. ఆకాశం కూడా మాసిన గుడ్డలాగే ఉంటోంది."

ఆమె మూత తీసి వేలు ముంచి రుద్దింది. తడి పోలేదు. రుమాలుకి తుడుచుకుంది. తెల్ల రుమాలు మీద వేలిముద్ర నీలంగా పడింది.

"ఇవి నీళ్ళే. కానీ నీలం నీళ్ళు. అచ్చం పెట్రోలు రంగు. ఎవరో కొలిచి కలిపారు. రెక్క కిందంతా పెట్రోలు వాసనే, సీసాలో తేడా ఏం తెలుస్తుంది? తను ఎత్తి చూసింది, నీలంగా కనిపించింది. తనకి నేర్పింది నేర్పినట్టు చేసింది. ఆమె స్థానంలో నేనున్నా ఎగిరేదాన్నే."

"అయితే నా పిల్ల..." ఆయన స్టూలు మీంచి లేచాడు. మూడు రోజుల తర్వాత ఇప్పుడే లేవడం. బల్ల పట్టుకున్నాడు. "నా పిల్ల పొరపాటు చెయ్యలేదా?"

"చెయ్యలేదు."

"నిజం చెప్పవే. నన్ను ఓదార్చడానికి చెప్పకు."

"మీ దగ్గర అబద్ధం చెప్పి ఎప్పుడైనా దొరక్కుండా ఉన్నానా?"

అప్పుడు ఏడ్చాడు మేస్త్రి. మూడు రోజుల ఏడుపు ఒక్కసారి వచ్చింది. చున్నీలో మొహం పెట్టుకుని, కూతురి చిన్నప్పటి ముద్దుపేరు పిలుస్తూ ఏడ్చాడు. డిటెక్టివ్ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె పనిలో దీనికి ఏ పద్ధతీ లేదు. గోడ మీద గడియారం నాలుగుకి పది తక్కువ చూపిస్తోంది.

ఆయన కాస్త తేరుకున్నాక మెల్లగా అడిగింది. "నీళ్ళకి రంగు ఎందుకు కలపాలి? మీరొక్కరే పరీక్ష చేస్తారనుకునేవాడికి రంగుతో పనిలేదు. మీరు వెళ్ళాక మామూలు నీళ్ళు పోస్తే చాలు. మీ తర్వాత ఆమె కళ్ళతో చూస్తుందని తెలిసినవాడే రంగు కలుపుతాడు. మీ వేళ్ళకి దొరికిపోతానని తెలిసినవాడే మీరు వెళ్ళేదాకా ఆగుతాడు. మీ ఇద్దరి రహస్యాలూ తెలిసినవాడు. మీ చూపు సంగతి మీరు ఎవరికి చెప్పారు?"

"ఒక్కడికే చెప్పాను. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి కదా. పిల్లకి మాత్రం చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"ఆమె మీ వెనకాల చూస్తున్నానని ఎవరికి చెప్పి ఉంటుంది?"

"ఇంకెవరికి చెబుతుంది, దాని మొగుడి..."

మాట అక్కడే ఆగిపోయింది. తండ్రీ కూతుళ్ళు ఒకరికొకరు చెప్పుకోలేని మాటలు, ఇద్దరూ తీసుకెళ్ళి ఒక్కడి చెవిలోనే వేశారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోవడం అలా ఉంచి, వీళ్ళు తాళాలు కూడా తామే చేతికిచ్చారు.

"నెల నుంచి నా దగ్గరే పడుకుంటోంది," అన్నాడు మేస్త్రి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "బట్టల పెట్టె కూడా తెచ్చేసుకుంది. నన్ను కనిపెట్టుకుని ఉండటానికి వచ్చిందనుకున్నాను. అడిగితే నవ్వేసింది. అతనిమీద ఒక్క మాట చెప్పలేదే."

బయట అడుగుల చప్పుడైంది. డిటెక్టివ్ సీసాని కోటు జేబులో వేసుకుంది. మేస్త్రి తిరిగి స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం మాత్రం పాత మొహం కాదు.

తలుపు తీసుకుని అల్లుడు వచ్చాడు. వెనకాల ఇన్‌స్పెక్టర్, చేతిలో జీపు తాళాలు తిప్పుకుంటూ.

"నాలుగైంది మావయ్య గారూ. నేనూ జీపులో మీ కూడా వస్తాను, మీరేం భయపడకండి. లేవండి, చెయ్యి ఇలా ఇవ్వండి."

డిటెక్టివ్ అడ్డం వెళ్ళబోయింది. మేస్త్రి వేలు ఒకటి ఎత్తాడు. ఇంజిన్ చప్పుడు వినేటప్పుడు శిష్యుల్ని ఆగమనడానికి ఎత్తే వేలు అది. ఆమె ఆగింది.

ఆయన అల్లుడు చాచిన చెయ్యి పట్టుకున్నాడు. దానికి చుట్టిన రుమాలు జారి కింద పడింది. బొటనవేలితో అతని వేళ్ళ కొసలు ఒక్కొక్కటే తడిమాడు, పెట్రోలు చూసినట్టే, కళ్ళు మూసుకుని.

"బాబూ, గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయిందేం? ఇంతగా తోముకున్నావేంటి?"

అల్లుడు చెయ్యి లాక్కోబోయాడు. నలభయ్యేళ్ళు నట్లు బిగించిన పట్టు అది. వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ చేతిలో తాళాల చప్పుడు ఆగింది.

"పిచ్చుకా," అన్నాడు మేస్త్రి, "ఈ గోళ్ళ మొదట్లో ఏం రంగుందో చూసి చెప్పమ్మా. నాకు చూసిపెట్టే పిల్ల లేదు."

డిటెక్టివ్ వంగి చూసింది.

"నీలం, మేస్త్రి గారూ."